సరిచూసేవారు

"వెబ్‌సైట్ పాస్‌వర్డ్ ఓ కాగితం మీద రాసివ్వు. నీకు శ్రమ తగ్గిద్దామని" అన్నారు మా ఆయన, నేను మధ్యాహ్నానికి భోజనం డబ్బాలు సర్దుతుంటే.

నా శ్రమ తగ్గించాలని ఎవరికైనా అనిపించిందంటే నాకు గుండెల్లో రాయి పడుతుంది. పెళ్లయిన కొత్తలో "రెండు పనులూ ఎక్కడ చేస్తావమ్మా, నలిగిపోతావు" అని అత్తగారు జాలిపడ్డారు, నా పత్రిక ఉద్యోగం పోయింది. "ఆ ట్రాఫిక్‌లో నీకెందుకు తిప్పలు" అని ఈయన జాలిపడ్డారు, నా స్కూటర్ పోయింది. ఇప్పుడు జాలి వెబ్‌సైట్ మీద పడింది. పాస్‌వర్డ్ రాసిచ్చాను కానీ, ఆ రోజు నుంచీ ఓ కన్ను అటే వేసి ఉంచాను.

ఆయన పళ్ల డాక్టరు. క్లినిక్ వెబ్‌సైట్‌లో వారానికో వ్యాసం వస్తుంది. పాలపళ్లు, కట్టుడు పళ్లు, నిద్రలో పళ్లు కొరకడం, ఏదైనా సరే. తొమ్మిదేళ్లుగా అవి రాస్తున్నది నేను. భోజనాల దగ్గర ఆయన చెప్పే నాలుగు ముక్కలు పట్టుకుని, ఆయన పుస్తకాలు తిరగేసి, పొయ్యి మీద పాలు పొంగిపోతుంటే పరుగెత్తి, మళ్లీ వచ్చి రాసినవి నాలుగొందల పైమాటే. వాటి కింద ఎవరి పేరూ ఉండదు. "మీరు రాస్తే పంటినొప్పి కూడా తియ్యగా ఉంటుందండీ" అని క్లినిక్‌కి వచ్చినవాళ్లు ఆయనతో అంటే, ఆయన నవ్వి ఊరుకుంటారు. పక్కనే ఉండి నేనూ ఊరుకున్నాను. ఊరుకున్నందుకు ఇప్పటికీ నా మీద నాకు కోపమే.

వెబ్‌సైట్‌ని కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మార్చే పని మా మరిది పెట్టుకున్నాడు. "పాతది ముసలిదైపోయింది వదినా. కొత్తదాంట్లో ఎవరైనా రాసెయ్యొచ్చు" అన్నాడు.

ఆ "ఎవరైనా" దగ్గర నాకు అనుమానం గట్టిపడింది. అంత తేలికైతే తొమ్మిదేళ్లలో ఎవరూ ఎందుకు రాయలేదు?

పదిహేను రోజులకి నన్నూ కొత్తదాంట్లోకి రానిచ్చారు. తెరిచి చూస్తే పాత బటన్లు ఒక్కటీ లేవు. రాయడానికి లేదు, తీసెయ్యడానికి లేదు. నా పేరు ఉండాల్సిన చోట "సరిచూసేవారు" అని ఉంది. అక్షరాలు దిద్దొచ్చు, 'సరే' నొక్కొచ్చు, అంతే.

"మార్చేటప్పుడు 'క్ష' ఉన్నచోటల్లా చదరపు డబ్బాలు పడ్డాయి వదినా. మీరైతే ఇట్టే దిద్దేస్తారు" అన్నాడు మరిది.

తగ్గిన శ్రమ ఇదన్నమాట. నాలుగొందల వ్యాసాల్లో రక్షణ, పరీక్ష, ద్రాక్ష, అన్నీ వెతికి దిద్దాలి. మొదటిది దిద్ది కిందికి జరిపితే ఆయన ఫోటో, మీసంతో సహా. పక్కన "రచన" అని ఆయన పేరు. రెండోది తెరిచాను, మూడోది తెరిచాను. అన్నిటికీ అదే మీసం.

"పేరు లేకుండా కొత్తదాంట్లో వ్యాసం ఎక్కదు వదినా. అన్నయ్య పెట్టమన్నాడు, అన్నిటికీ ఒక్కసారే పెట్టేశా."

రాత్రి భోజనాల దగ్గర అడిగాను. ఆయన కంచంలోంచి తలెత్తలేదు. "పేరుదేముందే, ఇంట్లోదే కదా. పైగా డాక్టరు పేరుంటేనే నమ్ముతారు. నువ్వు అక్షరాలు చూసిపెట్టు చాలు."

అక్షరాలే చూశాను. మూడొందల పదో వ్యాసమో ఏమో, ఇలా మొదలవుతుంది: "నేను రెండోసారి కడుపుతో ఉన్నప్పుడు, ఐదో నెలలో, బ్రష్ తాకితే చాలు చిగుళ్ల నుంచి రక్తం వచ్చేది. ఎవరికీ చెప్పుకోలేక ఏడ్చాను." ఆ రోజు ఎందుకో 'ఒక మహిళ' అని రాయబుద్ధి కాక 'నేను' అని రాసుకున్నాను. ఇన్ని వ్యాసాల్లో నేను ఉన్నది అక్కడొక్కచోటే. దాని కిందా ఆయన మీసమే. అందులో 'పరీక్ష' ఒకటుంటే దిద్ది, 'సరే' నొక్కాను.

సోమవారం కొత్త వెబ్‌సైట్ తెరిచారు. మధ్యాహ్నానికే ఆయన ఫోన్ పట్టుకుని ఇంటికొచ్చారు, మొహం కందగడ్డలా ఉంది.

"కాన్పు ఎప్పుడయింది డాక్టరు గారూ అని అడుగుతున్నారే జనం. నువ్వు చూడలేదా?"

"చూశానండి. అక్షరాలే కదా చూడమన్నారు. అందులో ఒక్క తప్పూ లేదు."

ఆయన గొంతు తగ్గించి, "సరేలే, ఆ ఒక్కదాని కింద నీ పేరు వేయిస్తాను" అన్నారు.

"ఆ ఒక్కటే ఎందుకు? మిగతా నాలుగొందలూ కన్నది కూడా నేనే" అన్నాను. కాగితం, పెన్ను తెచ్చి ఆయన ముందు పెట్టాను. "పాస్‌వర్డ్ రాసివ్వండి. మీకు శ్రమ తగ్గిద్దామని."