అత్తయ్య తీసిన సొట్ట

కర్ర్‌మని ఒక చప్పుడు.

రేకు నలిగిన చప్పుడు. వెంటనే గేటు మీది తీగలోంచి పిట్టలన్నీ ఒక్కసారిగా లేచిపోయిన చప్పుడు.

ఆ తర్వాత ఏమీ లేదు.

స్టీరింగు మీద రెండు చేతులూ బిగించి, అద్దంలోకి చూస్తూ మా అత్తయ్య. గేటు స్తంభం పక్కన, ఎత్తిన చెయ్యి దించడం మరిచిపోయి మావయ్య. వాకిట్లో, ఆరెయ్యబోతున్న దుప్పటి పట్టుకుని నేను — వాళ్ళ కోడల్ని.

మబ్బురంగు కారు. వాన పడబోయే ముందు మబ్బు ఎలా ఉంటుందో ఆ రంగు. దాని వెనక తలుపు మీద ఇప్పుడొక గుంట. గుంటకి అడ్డంగా ఒక గీత. గీత పొడుగునా స్తంభం సున్నం.

"కొట్టు అన్నారుగా," అంది అత్తయ్య, దిగి వచ్చి. "కొట్టాను."

స్టీరింగు కుడికి కొట్టమన్నారాయన. ఆమె కుడికే కొట్టింది. స్తంభమూ కుడివైపే ఉంది.

నేను నవ్వబోయి ఆగిపోయాను. మావయ్య నవ్వలేదు.

ఆ కారుని ఇన్నేళ్ళూ ఒక్క గీత పడకుండా నడిపిన మనిషి ఆయన. కళ్ళు మసకబారాయి. ఇక నడపొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. మా ఆయనకి దూరపు ఊళ్ళో ఉద్యోగం, సెలవుకే వస్తాడు. నాకు డ్రైవింగు రాదు. అప్పుడు తాళంచెవి తీసుకెళ్ళి అత్తయ్య చేతిలో పెట్టింది మావయ్యే. తల నెరిశాక నేర్చుకుంది ఆవిడ. పక్కన కూర్చుని నేర్పింది ఈయనే. బండి గేటు దాటే ప్రతిసారీ దిగి, వెనక నిలబడి, రా... రా... అని చెయ్యి ఊపేదీ ఈయనే.

స్తంభం ఆయనకి కనబడలేదు.

అది నాకు తెలిసింది. అత్తయ్యకి తెలిసింది. ఆయనకీ తెలిసింది. ముగ్గురం తలుపు వైపే చూస్తూ నిలబడ్డాం.

"అమ్మేద్దాం," అన్నారు మావయ్య చివరికి. "ఇంక ఈ కారెందుకు మనకి."

అత్తయ్య కొంగు బొడ్లో దోపింది.

"నేను పెట్టిన సొట్ట. నేనే తీస్తాను. ఆ తర్వాత చూద్దాం అమ్మడం సంగతి."

నేను పెట్టిన — అంది. ఆ మాట కాస్త గట్టిగానే అంది.

*

మా ముందు గది కుట్టుమిషనుది. అత్తయ్య పెళ్ళికి ముందునుంచీ బట్టలు కుడుతోంది. భుజం దగ్గర గుడ్డ ఎందుకు లేస్తుందో, నడుము దగ్గర ఎందుకు నలుగుతుందో ఆమె వేళ్ళకి తెలుసు. రేకు సంగతి మాత్రం ఏమీ తెలియదు.

తెలియకుండానే మొదలుపెట్టింది.

తలుపు లోపలి అట్ట విప్పడానికే ఒక పూట పట్టింది. విప్పిన మరలు గుండీల డబ్బాలో వేసింది. అట్ట ఊడి వచ్చాక లోపల తీగలు, దుమ్ము, చీకటి. ఆ చీకట్లోకి మోచెయ్యి దాకా చెయ్యి పెట్టింది.

"నీళ్ళు పొయ్యి, అమ్మాయ్. నెమ్మదిగా."

వేడికి రేకు లొంగుతుందని నేను బయటినుంచి వేడినీళ్ళు పోశాను. ఆవిరి. ఆవిరి వెనక అత్తయ్య ముఖం, బిగబట్టిన పెదవులు. లోపలినుంచి తోస్తోంది... తోస్తోంది...

టప్‌మంది.

గుంట చాలావరకు పైకి లేచింది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకుని చిన్నపిల్లల్లా నవ్వాం. తడిసిన చీరలతో, మసి చేతులతో.

నడిమధ్యన ఒక ముడత మాత్రం మిగిలింది.

చెక్క సుత్తికి పాత తువ్వాలు చుట్టి లోపలినుంచి కొట్టింది. ఒక దెబ్బ ఎక్కువైంది. గుంట పోయి బొడిపె వచ్చింది.

"ఏమైంది?" వరండాలో కుర్చీలోంచి మావయ్య.

"ఏం కాలేదండీ."

బొడిపెని బయటినుంచి అణిచింది. గీత మీద గరుకు కాగితం పెట్టి తెల్లని రేకు కనబడేదాకా రుద్దింది. దాని మీద, గుంతలు పూడ్చే లప్పం పూసింది — ఆత్రంగా, మందంగా. ఎండ కాసింది. లప్పం ఆరింది. ఆరి, ఎండిన చెరువులా పగిలింది.

పగుళ్ళ ముందు కూర్చుండిపోయింది అత్తయ్య. చాలాసేపు. మబ్బురంగు మీద తెల్లటి బీటలు, వాటి మీద ఆమె నీడ.

నాకు మనసాగలేదు. "పోనీ మెకానిక్ షెడ్డుకి పంపిద్దాం అత్తయ్యా. వాళ్ళకిది ఎంత పని."

ఆవిడ తలెత్తి చూసింది. కోపం లేదు ఆ చూపులో.

"కుట్టు తప్పిందనుకో, ఏం చేస్తాను? విప్పుతాను. అంతేగా."

లప్పం అంతా గీకేసింది. గోళ్ళలో తెల్లటి పొడి. మళ్ళీ పూసింది — ఈసారి పల్చగా. వెన్నెల పడ్డట్టు పల్చగా. ఆరనిచ్చింది. ఇంకో పొర. మళ్ళీ ఆరనిచ్చింది.

నీళ్ళతో తడుపుతూ రుద్దే వాటర్ పేపరు పెట్టి సాపు చేస్తుంటే ఒక చేత్తో రుద్దడం, ఒక చేత్తో నీళ్ళు పోయడం కుదరడం లేదు. నేను వంటింట్లో ఉన్నాను. కిటికీలోంచి చూశాను.

కుర్చీ ఖాళీగా ఉంది.

మావయ్య చెంబు పట్టుకుని ఆమె పక్కన నిలబడ్డారు.

"నీళ్ళు నే పోస్తాలే."

ఆమె జరిగి చోటిచ్చింది. నీటి ధార. కాగితం చప్పుడు — సుర్... సుర్... సుర్... ఆయన తల ఓ పక్కకి వంచి వింటున్నారు.

"కింద ఇంకా గరుగ్గా ఉంది," అన్నారు.

"అవునా?"

"చప్పుడు మారుతోంది చూడు."

ఆమె కిందికి జరిగి రుద్దింది. చప్పుడు మెత్తబడింది. తెల్లటి నీళ్ళు వాకిలంతా పారి, గేటు కింద నుంచి వీధిలోకి పోయాయి.

*

గాలి లేని రోజు చూసి రంగు కొట్టాం. అద్దాలకీ చక్రానికీ పాత పేపర్లు అంటించి, ముక్కులకి గుడ్డలు కట్టుకుని. స్ప్రే డబ్బాలోంచి సన్నటి మంచులా రంగు లేచింది. తలుపు మీద వాలింది. పొర మీద పొర.

ఆరాక చూస్తే — రంగు అచ్చంగా కలవలేదు. కారంతా వాన పడబోయే మబ్బు. ఈ తలుపు వాన పడి వెలిసిన మబ్బు. నాకు కనబడింది. అత్తయ్యకీ కనబడింది. ఆవిడ పెదవి విరవలేదు. తను కుట్టిన రవిక వేసుకున్న పెళ్ళికూతుర్ని చూసినట్టు, మెడ వాల్చి చూసుకుంది.

మావయ్య వచ్చారు. చెయ్యి చాపి తలుపు మీద పెట్టారు. కళ్ళు మూసుకున్నారు. అరచెయ్యి పైనుంచి కిందికి, ఈ అంచునుంచి ఆ అంచుకి... నెమ్మదిగా, నిద్రపోతున్న పిల్లవాడి వీపు నిమిరినట్టు.

ఆగి, మళ్ళీ మొదటినుంచి వెతికారు.

"ఎక్కడ తగిలింది?"

"మీరే చెప్పండి."

మళ్ళీ వెతికారు.

"నాకు దొరకడం లేదు," అన్నారు.

అత్తయ్య కొంగుతో ముఖం తుడుచుకుంది — చెమటే అనుకుంటాను. ఆ పూట ఆవిడ నడకే మారిపోయింది. గదిలోంచి గదికి ఊరికే తిరిగింది. అద్దం ముందు ఆగి, జుట్టులో ఇరుక్కున్న మబ్బురంగు చుక్క చూసుకుని, దాన్ని అలాగే ఉంచేసింది.

సాయంత్రం ఎదురింటాయన గేటు దగ్గర ఆగాడు. "పని బాగా చేశాడే. ఏ షెడ్డులో ఇచ్చారు?"

మావయ్య వీపు నిటారుగా అయింది.

"షెడ్డేంటండీ, మా ఇంట్లోనే. మా ఆవిడ చేసింది," అన్నారు. "స్తంభం నేనే చూసుకోలేదు లెండి. కళ్ళు."

వరండాలో సూదికి దారం ఎక్కిస్తున్న అత్తయ్య చెయ్యి ఆగింది. తలెత్తలేదు. ఆ దారం ఎక్కడానికి ఎందుకో చాలాసేపు పట్టింది.

*

మర్నాడు పొద్దున్నే ముగ్గురం కారులో బయల్దేరాం. అమ్మే సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

మావయ్య గేటు దగ్గరికి వెళ్ళలేదు. ముందు సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నారు. నేను వెనక. అత్తయ్య ఈ అద్దం చూసింది. ఆ అద్దం చూసింది. మెడ తిప్పి వెనక్కి చూసింది. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ కొట్టమనలేదు. స్తంభం నా కిటికీ పక్కనుంచి నెమ్మదిగా... నెమ్మదిగా... వెళ్ళిపోయింది.

వీధి చివర కారు ఆపింది.

ఎడమకి తిరిగితే బజారు, ఆసుపత్రి, రోజూ వెళ్ళే దారి. కుడికి తిరిగితే లారీల రోడ్డు. అటు ఆవిడ ఎప్పుడూ పోలేదు.

పొద్దుటి గాలి. దూరంగా లారీల హోరు.

అత్తయ్య ఇండికేటరు వేసింది. ఏ వైపు దీపం వెలుగుతోందో వెనక సీట్లోంచి కనబడదు. మావయ్య ఎటు అని అడగలేదు. నేనూ అడగలేదు.

టిక్... టిక్... టిక్...