తొమ్మిది గ్రాముల తరుగు

తెల్లారేసరికి పెర్సిస్ చెరువుగట్టు మీద ఉండేది. కొల్లేటి చేపల పట్టుబడికి కాటా ఉన్నా, రైతులు దాన్ని నమ్మేవారు కాదు. చేపను పెర్సిస్ కుడి అరచేతిలో పెట్టేవారు. "కిలో రెండొందల పది గ్రాములు. నీటి తరుగు పోను కిలో నూట అరవై," అనేది. బేరం ముగిసేది. దోమ వాలినా ఎంత రక్తం తాగిందో చెప్పే చెయ్యి అది! పురిటిబిడ్డల్ని ముందు ఆ చేతిలో పెట్టాకే చర్చికి తీసుకెళ్లేవారు.

ఒకనాడు తమ్ముడు నెల్సన్ ఏలూరు నించి ఓ పెట్టె తెచ్చాడు. వాడు వీడియో గేముల మౌసుల మంచీచెడ్డా ఫోన్లో వీడియోలు తీసి చెబుతుంటాడు. పెట్టెలో ఉన్న కొత్త మౌసుని మెచ్చుకుంటే కంపెనీవాళ్లు ఉద్యోగమే ఇస్తామన్నారట.

"మౌసు ఎంత తేలికైతే అంత గిరాకీ. నలభైతొమ్మిది గ్రాములని పెట్టె మీద వేశారక్కా. ఆ మాట నువ్వంటే ఏలూరు నించి గూడెం దాకా నమ్ముతారు."

పెర్సిస్ పెట్టె విప్పింది. వైరు లేని మౌసు, గోరంత రిసీవరు, ఛార్జింగు తీగ, అడుగున అంటించే జారుడు బిళ్లలు, చెమటకి చెయ్యి జారకుండా అతికించే పట్టీలు. తీగ జడపాయలా మెత్తగా బాగుంది. పట్టీలు మాత్రం ఓ మూల అప్పుడే లేచిపోయాయి. పక్కలు నొక్కితే మౌసు కిర్రుమని ఏడ్చింది. అరచేతిలో పెట్టుకుంది.

"యాభైయెనిమిదిరా."

"తొమ్మిది గ్రాములేగా! చేపకి తియ్యవూ తరుగు? దీనికీ తీసెయ్."

"చేపకి నీళ్లు కారతాయి. దీనికేం కారతాయిరా?"

"నా కన్నీళ్లు కారతాయి."

తల్లి పోయాక తన చేతుల్లో పెరిగినవాడు. పెర్సిస్ కెమెరా వంక చూసి, "నలభైతొమ్మిది. గట్టి సరుకు," అంది.

మర్నాడు చేపల షావుకారు ఎలీషా గారు దూడంత బొచ్చెచేపను ఆమె చేతిలో పెట్టారు. నలభైతొమ్మిది గ్రాములు. ఇటుక పెట్టారు. అప్పుడూ నలభైతొమ్మిదే అంది.

ఎవరూ ఆశ్చర్యపోలేదు. "చెయ్యి అబద్ధమాడిందమ్మా, ఏమనుకోకు," అని ఎలీషా గారు కాటా మీది దుమ్ము తుడిచారు. పెర్సిస్‌ని ఐసు కొట్టే పనికి మార్చారు.

నెల్సన్‌కి ఉద్యోగం వచ్చింది. రెండేళ్లకి పురిటిబిడ్డతో వచ్చి, "ఆనవాయితీ తప్పకూడదు," అంటూ ఐసుకి మొద్దుబారిన ఆ అరచేతిలోనే పెట్టాడు.

"ఎంతక్కా?"

బిడ్డ ఆమె వేలు పట్టుకుంది. నలభైతొమ్మిది గ్రాములు.

"తరుగు తీసి చెప్పనా," అంది పెర్సిస్, "తియ్యకుండా చెప్పనా?"