నా మందు

ఆ ఉదయం ఆకాశం కనబడలేదు. పడమటి కొండల మీదుగా సముద్రపు మంచు దిగివచ్చి కాలిఫోర్నియాలోని శాన్ రామన్ ఊళ్లో ఇళ్ల కప్పుల మీద కూచుంది. ఎండాకాలం అక్కడ అంతే. పొద్దున పూట మబ్బు నేలకు దిగుతుంది, కాసేపటికి ఎవరో చాప చుట్టి తీసుకుపోయినట్టు పోతుంది, ఆ తరువాత ఎండుగడ్డి కొండలు కోతకొచ్చిన చేలలా పండి కనిపిస్తాయి. దమయంతి వంటింటి కిటికీ తెరిచి, ఆ మంచులోకి తల పెట్టి గుండెనిండా గాలి పీల్చుకుంది. ముక్కుకు తడిగుడ్డ కట్టుకుంది. అప్పుడు మూకుట్లో నూనె పోసింది.

ఆవాలు చిటపటలాడి, ఎండుమిరపకాయలు రంగు తిరిగి, ఇంగువ పొంగేదాకా ఊపిరి బిగపట్టాలి. పోపుకు ఇంతసేపు పడుతుందని ఆమెకు ఇన్నేళ్లూ తెలియదు. రొమ్ములో గడ్డ తీసేశాక మొదలైన కీమో ముందు జుట్టును పట్టుకుపోయింది, తరువాత తిండిని. అన్నం ఉడుకుతుంటే తిప్పుతుంది. పప్పు మూత తీస్తే తిప్పుతుంది. పోపు సంగతి చెప్పనే అక్కర్లేదు.

"పోపు లేకపోతే పప్పు ఆస్పత్రి తిండిలా ఉంటుంది దమూ. అదొక్కటీ నువ్వు వేసెయ్, మిగతాదంతా నేను చూసుకుంటా," అన్నాడు కోటేశ్వరరావు, మొదటి కీమో అయిన వారంలో. మిగతాదంతా అంటే ఏమిటో ఆమె అడగలేదు, ఆయనా చెప్పలేదు. బియ్యం కడిగేదీ, ఆయన ఆఫీస్‌కి డబ్బా సర్దేదీ, డిష్‌వాషర్‌లోంచి గిన్నెలు తీసేదీ ఆమే. ఆయన వాల్‌నట్ క్రీక్ ఆస్పత్రికి డ్రైవ్ చేస్తాడు. వెయిటింగ్ రూమ్‌లో ల్యాప్‌టాప్ తెరుచుకుంటాడు. ఎవరైనా ఫోన్ చేస్తే "మేం ఫైట్ చేస్తున్నాం అండీ" అంటాడు. చెడ్డవాడు కాదు. ఇన్నేళ్ల కాపురంలో ఆమె మీద గొంతెత్తలేదు. ఎత్తవలసిన అవసరం ఆమె రానివ్వలేదు.

పోపు పప్పులో వేసి, మూత పెట్టి, గబగబా బాత్రూమ్‌లోకి వెళ్లింది. వచ్చేసరికి ఆయన డబ్బా తీసుకుని వెళ్లిపోయాడు.

కడుపులో ఏమీ నిలవడం లేదు. ఆ మాత్రలూ ఈ మాత్రలూ మార్చి ఇచ్చారు, తలనొప్పి తప్ప ఏమీ మిగల్లేదు. బరువు ఇంకొంచెం తగ్గితే తరువాతి కీమో వాయిదా వెయ్యాల్సి వస్తుందని, ఆ జబ్బుకు వాయిదా మంచిది కాదని డాక్టరు చెప్పాడు. అంటే బతకాలంటే తినాలి. ఇంత చిన్న పని తనకెందుకు చేతకావడం లేదో అని ఆమెకు సిగ్గుగా ఉండేది.

ఆ డాక్టరు దగ్గరి నర్సే గొంతు తగ్గించి చెప్పింది. కాలిఫోర్నియాలో జబ్బుమనుషులకు చట్టం ఒప్పుకుంటుంది, డాక్టరు సిఫార్సు రాసిస్తాడు, కొందరికి వాంతులు ఆగి ఆకలి పుడుతుంది, కొందరికి ఏమీ కాదు, చూడొచ్చు.

ఆస్పత్రి నుంచి తిరిగొస్తూ కోటేశ్వరరావు ఫ్రీవే దిగాడు. సిగ్నల్ దగ్గర కారాపి అన్నాడు. "గంజాయా? మనింట్లోనా?"

"మందుగానే కదండీ."

"మందట! ఈ రాష్ట్రం ఒప్పుకున్నా ఫెడరల్‌గా ఇంకా ఇల్లీగల్, తెలుసా? సిటిజన్‌షిప్ వచ్చింది గనక సరిపోయింది. అదే వీసా మీదున్న వాళ్లయితే కొంప మునిగేది. రేపు నలుగురికీ తెలిస్తే? పెళ్లికావలసిన పిల్ల ఉంది ఇంట్లో. మత్తుకు అలవాటు పడితే ఎవరిది పూచీ?"

దమయంతి కిటికీలోంచి చూస్తూ కూచుంది. శనివారం శనివారం ఆయనా, స్నేహితుడు రాజ్ గారూ పెరట్లో సీసా పెట్టుకుని కూచుంటారు. వాళ్లకు ఉల్లిపాయ పకోడీలు ఆమే వేస్తుంది. దాన్ని కూడా మందు అనే అంటారు. "దమూ, మందులోకి ఏమైనా చెయ్యి" అని నవ్వుతూ కేకేస్తాడు. ఒక్క మాట. మగవాడి నోట్లో అది సరదా, ఆడదాని నోట్లో అపకీర్తి. రాజమండ్రి నుంచి అత్తగారు లక్ష్మీకాంతం ఫోన్లో అన్నది గుర్తొచ్చింది. "కడుపులో తిప్పడం మేం మాత్రం పడలేదుటే? నలుగుర్ని కన్నాను. అల్లంరసం తాగి పొయ్యి ముందు కూచునేదాన్ని. ఓర్చుకోవాలమ్మా." ఆవిడ కూడా అప్పట్లో ఎంత ఓర్చుకుందో, ఆ ఓర్పు సంగతి ఎవరూ అడగకపోతే ఇన్నేళ్ల తరువాత కోడలికి ఇలా పంచిపెడుతోంది కాబోలు అనుకుంది దమయంతి. కోపం రాలేదు. కోపానికి కూడా తిండి కావాలి.

వేసవి సెలవులకు డేవిస్ కాలేజీ నుంచి ఇంటికొచ్చిన కూతురు సంహిత ఒకరోజు తల్లిని కార్‌లో కూచోబెట్టుకుని ఓక్లాండ్‌లో ఆ మందు అమ్మే దుకాణానికి తీసుకుపోయింది. "నాన్నకి తర్వాత చెబుదాం. ఫస్ట్ నువ్వు తినాలి కదా, అమ్మా."

గంజాయి అంటే దమయంతి ఎరిగింది ఒకటే. చిన్నప్పుడు నర్సీపట్నం బస్సు ఆపి పోలీసులు సంచులు వెతకడం, తిరునాళ్లలో బూడిద పూసుకున్న బైరాగులు ఎర్రటి కళ్లతో పొగ వదలడం. తీరా చూస్తే ఆ దుకాణం పళ్లడాక్టరు గదిలా ఉంది. గుమ్మం దగ్గర కాపలా మనిషి డాక్టరు రాసిచ్చిన కాగితాలు చూసి నవ్వుతూ లోపలికి పంపాడు. చేతినిండా పచ్చబొట్లున్న పిల్ల ఒకతె ఓపిగ్గా చెప్పుకొచ్చింది. పొగ అయితే తొందరగా ఎక్కుతుంది, తొందరగా దిగుతుంది, కానీ మీ ఊపిరితిత్తులకెందుకు. తినేదయితే మెల్లగా వస్తుంది, చాలాసేపు ఉంటుంది. ఈ క్యారమెల్ ముక్కలో పావు మాత్రమే తినండి. గంట పట్టొచ్చు, రెండు గంటలు పట్టొచ్చు. ఏమీ కాలేదని ఇంకొకటి నోట్లో వేసుకోవద్దు, అందరూ చేసే తప్పు అదే. ఈ ప్యాకెట్లోంచి తియ్యకండి. ఎవరి చేతికీ అందనివ్వకండి. మీ కీమో డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

ప్యాకెట్ మీద రాసింది సంహిత చదివింది. "అమ్మా, ఇది తిని డ్రైవ్ చెయ్యకూడదు. మెషీన్స్ కూడా రన్ చెయ్యకూడదు."

"గ్రైండర్ మెషీనేనా?"

"యెస్."

"కుక్కరో?"

సంహిత పకపకా నవ్వింది. "అమ్మా, స్టవ్ కూడా మెషీనే. కిచెన్ మొత్తం ఫ్యాక్టరీ."

దమయంతి నవ్వలేదు. ఆ మాట గురించి దారిపొడుగునా ఆలోచించింది.

ఇంటికొచ్చాక ఒక పొరపాటు చేసింది. ఆకు బొమ్మ ఉన్న ఆ ప్యాకెట్‌ను చూసేసరికి సిగ్గేసింది. మన ఇళ్లలో ఏ వస్తువూ వచ్చిన డబ్బాలో ఉండదు కదా. ఐస్‌క్రీమ్ డబ్బాలో దోసెల పిండి, బిస్కెట్ల డబ్బాలో సూదీదారం. ఆమె కూడా ముక్కలన్నీ తీసి చిన్న స్టీలు డబ్బాలో పోసి, ఫ్రిజ్‌లో పెరుగు వెనకాల పెట్టింది. ప్యాకెట్ చెత్తబుట్ట అడుగుకు తోసేసింది.

మర్నాడు ఆయన ఆఫీస్‌కి వెళ్లాక పావు ముక్క తిని, పెరటి తలుపు దగ్గర కుర్చీలో కూచుంది. పొయ్యి ముట్టుకోకూడదన్నారు. కనుక ముట్టుకోలేదు. చాలాసేపు ఏమీ కాలేదు. తరువాత ఎప్పుడో, కాళ్ల దగ్గర్నుంచి ఎవరో నెమ్మదిగా బరువు దించుతున్నట్టు అనిపించింది. మంచు కొండ మీదినుంచి లేవడం ఆమె కళ్లారా చూసింది. ఇన్నేళ్లుగా ఈ ఇంట్లో ఉంటూ అది ఎటు పోతుందో ఎప్పుడూ చూడలేదు. అంచు విడిపోయి, దారప్పోగులై, ఒక్కొక్క పోగూ ఒక్కొక్క చెట్టు కొమ్మకు కాసేపు తగులుకుని వదిలేస్తోంది. పక్కింటి వాళ్లు గడ్డికి నీళ్లు చిమ్మే గొట్టం తిరుగుతూ చేసే చప్పుడు దగ్గరికొచ్చి, దూరం పోయి, మళ్లీ దగ్గరికొస్తోంది. గంట అంటే ఇంత పొడుగా అనుకుంది. ఎవరికీ ఏమీ అందించనక్కర్లేని గంట. అందులో తను ఒక్కతే, చెరువులో చేపలా. చిన్నప్పుడు గడ్డివాము మీద పడుకుని మబ్బుల్ని చూసిన పిల్ల ఎక్కడికీ పోలేదు, లోపలే ఉంది, ఇంతకాలం ఎవరో కేకేస్తారని చెవి అటు పడేసి కూచుంది. ఆ పిల్ల ఇప్పుడు మెల్లగా అడిగింది, ఆకలేస్తోంది, ఏముంది అని.

సంహిత చల్లటి పెరుగన్నం కలిపి తెచ్చింది. దమయంతి గిన్నె అడుగు కనబడేదాకా తింది. తిన్నది కడుపులో నిలిచింది. కూతురు గిన్నె తీసుకుని, వంటింట్లోకి పోయి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది.

రెండు వారాలు అలా గడిచాయి. ఆస్పత్రి తూకంలో ముల్లు కిందికి దిగడం ఆగింది. కోటేశ్వరరావు "చూశావా, ఓపిక పడితే అదే సర్దుకుంటుందన్నానా" అన్నాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆమె పైన పడుకుని ఉంది. కింద నుంచి కేక వినబడింది. మామూలు కేక కాదు. దిగివచ్చి చూస్తే ఆయన సోఫా అంచు పట్టుకుని కూచుని ఉన్నాడు. ముఖం పాలిపోయింది. బల్ల మీద టీ కప్పు, దాని పక్కన మూత తీసిన స్టీలు డబ్బా.

"దమూ... గుండె కొట్టుకుంటోంది. నేను పోతున్నా."

"ఎన్ని తిన్నారు?"

"మూడో నాలుగో. చాక్లెట్లనుకున్నా. దమూ, నా చేతులేవీ?"

"మీ ఒళ్లోనే ఉన్నాయి."

సంహిత పరుగెత్తుకొచ్చింది. "నాన్నా! అది అమ్మ మెడిసిన్! అడగకుండా ఎందుకు తిన్నావు?"

"ఇంట్లో డబ్బా. ఇంట్లో డబ్బాకి ఎవర్నడగాలి?" అన్నాడు ఆయన, నిజంగానే అర్థంకాక.

దమయంతి ఆస్పత్రిలో ఫోన్ మీద సలహా చెప్పే నర్సుకు ఫోన్ కలిపింది. కోటేశ్వరరావు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఫుడ్ పాయిజనింగ్ అని చెప్పు. ప్లీజ్. పేరు కూడా చెప్పకు."

అటువైపు నర్సు ఏం తిన్నాడని అడిగింది.

దమయంతి ఫోన్ ఇంకో చెవికి మార్చుకుంది. మా ఇల్లు, మా ఆయన, మా కారు, మా అమ్మాయి. ఊహ తెలిసినప్పటినుంచి ఆమె నోట 'మా' తప్ప రాలేదు. జబ్బు కూడా మా జబ్బే అయిపోయింది, ఫైట్ చేస్తున్నది మేమే. వాంతి ఒక్కటే తనది. తన సిగ్గు కొద్దీ ఆ ముక్కల్ని ఇంటి డబ్బాలో పోసింది గనకే అవి అందరివీ అయిపోయాయి. దాచిపెట్టింది తనదెలా అవుతుంది?

"మై మెడిసిన్," అంది ఇంగ్లీషులో, స్పష్టంగా. "క్యానబిస్. ఫర్ మై కీమో. హీ ఏట్ మై మెడిసిన్."

పేరు, ఊరు, అన్నీ చెప్పింది. నర్సు తొణకలేదు. వేరే ఏ మందులు వాడతాడు, ఛాతీలో నొప్పి ఉందా, ఊపిరి ఆడుతోందా అని ఒక్కొక్కటే అడిగింది. అవేమీ లేకపోతే ప్రశాంతంగా కూచోబెట్టండి, నీళ్లివ్వండి, కారు తాళాలు తీసేసుకోండి, ఒంటరిగా వదలొద్దు, దిగడానికి కొన్ని గంటలు పడుతుంది, నొప్పి వచ్చినా ఊపిరి ఆడకపోయినా వెంటనే అంబులెన్స్‌ను పిలవండి అంది.

దమయంతి పక్కనే కూచుంది. సాయంత్రపు ఎండ గోడ మీద పాకుతోంది.

"దమూ, ఈ ఇంట్లో ఎప్పుడూ ఇంత చప్పుడుంటుందా? ఆ ఫ్రిజ్ చూడు, మూలుగుతోంది."

"మీరు ఆఫీస్‌కి వెళ్లాక రోజూ మూలుగుతుంది."

"ఇదెప్పుడు దిగుతుంది?"

"దిగినప్పుడు."

"నీకూ రోజూ ఇలాగే ఉంటుందా?"

"నేను పావు ముక్క తింటాను. డాక్టరుకు చెప్పి తింటాను."

ఆయన చాలాసేపు ఆమె ముఖంలోకి చూశాడు. కనుబొమలు లేని ఆ ముఖాన్ని అంతసేపు చూడడం అదే మొదలు. "చిక్కిపోయావు," అన్నాడు. ఆ మాట మత్తులో అన్నాడో తెలివిలో అన్నాడో ఆమె ఆరా తియ్యలేదు.

మర్నాడు సంహిత తాళం పడే చిన్న పెట్టె కొనుక్కొచ్చింది. కొత్త ప్యాకెట్ ప్యాకెట్‌లాగే, ఆకు బొమ్మతో సహా, అందులోకి వెళ్లింది. తాళంచెవి ఒక్కటే. అది దమయంతి దగ్గర ఉంది.

"నేనింక పోపు వెయ్యను," అని ఆమె మొగుడితో చెప్పింది. "మందు తిన్న రోజున గానీ, తినని రోజున గానీ."

కోటేశ్వరరావుకు నిన్నటి రోజు గుర్తొచ్చినట్టుంది, పోపుల డబ్బా తీసి తన చేతికందేచోట పెట్టుకున్నాడు.

శనివారం వంట ఆయనే చేశాడు. సంహిత పక్కన నిలబడి చెబుతుంటే పప్పు ఉడికించాడు, సొరకాయ తరిగాడు. పోపు మూకుడు పట్టుకుని పెరట్లో గ్రిల్ పొయ్యి దగ్గరికి పోయి, వంటింటి కిటికీ మూసి ఉందో లేదో రెండుసార్లు చూసుకుని, అక్కడ వేసుకొచ్చాడు. చేతి మీద నూనె చిట్లింది. చెప్పలేదు.

బల్ల మీద అన్నీ సర్ది, ముగ్గురూ కూచున్నారు. దమయంతి పెట్టె తాళం తీసి, పావు ముక్క కోసి, అందరూ చూస్తుండగా నోట్లో వేసుకుంది. పెట్టెకు తాళం వేసింది.

కోటేశ్వరరావు గరిటె అందుకున్నాడు.

"నాకింకా ఆకలెయ్యలేదు," అంది ఆమె.

ఆయన చెయ్యి అక్కడే ఆగిపోయింది. గరిటె మళ్లీ గిన్నెలో పెట్టాడు. అన్నం మీద ఆవిరి సన్నబడింది, పోయింది. పప్పు మీద తెట్టు కట్టింది. కిటికీ అవతల ఎండ ఒక కొండ వదిలి ఇంకో కొండ మీదికి వెళ్లింది. ఎవరూ లేవలేదు.

"ఇప్పుడు," అంది దమయంతి.

చల్లారిన అన్నం ఆయనే వడ్డించాడు, ముందు ఆమెకు. ముగ్గురూ తిన్నారు. కాసేపటికి దమయంతి గిన్నె దగ్గరికి లాక్కుని, మారు అన్నం పెట్టుకుంది.