చీకట్లో పాడమన్నారు

సమ్నియాంగ్ ఆ కాగితాలు రెండుసార్లు చదివింది. రెండోసారి చదివింది అర్థం కాక కాదు, కోపం ఆపుకోవడానికి.

తెచ్చినవాడు వొరవుత్. యూనివర్సిటీలో నాటకం చెప్పే మేష్టారు. చిన్న నాటక బృందాలకు డబ్బిచ్చే బ్యాంకాక్ నిధికి ఈ జిల్లాలో కళ్లూ చెవులూ అతనే. సమ్నియాంగ్ నడిపే లికే వీధినాటక బృందం పేరు పైకి పంపిందీ అతనే. రాతప్రతి ఏదీ అన్నారు పైవాళ్లు. లికేకి రాతప్రతి ఏమిటి? ఆట మొదలయ్యే ముందు తెర వెనక మైకు పట్టుకుని సమ్నియాంగ్ కథ చెబుతుంది. ఇవాళ రాజు చచ్చాడు, నువ్వు అడవికి పోయిన తమ్ముడివి, నువ్వు వాడి పెళ్లానివి, వెళ్లి ఏడు. అంతే. మిగతాదంతా వేదిక మీద పుట్టాల్సిందే. ఈ మాట చెబితే వొరవుత్ నవ్వేసి, గుడి తిరనాళ్లలో ఆట జరుగుతుంటే ఫోన్లో ఎక్కించుకుపోయాడు. సమ్నియాంగ్ తమ్ముడు ఖచోన్, బృందంలో కథానాయకుడు, ఆ రాత్రి పాడిన ప్రతి ముక్కనూ టైపు చేయించి తెచ్చాడు వొరవుత్. ఇక ఇదే నాటకం, అక్షరం పొల్లుపోకుండా ఇదే పాడాలి అన్నాడు.

ఒకచోట ఇలా ఉంది: "ఆకుపచ్చ రవిక తల్లీ, కాల్చిన స్క్విడ్ నములుతూ నా కష్టానికి ఏడవకు, ఆ చేత్తో కళ్లు తుడుచుకుంటే కారం అంటుతుంది."

"ఇది నాకెంత నచ్చిందో" అన్నాడు వొరవుత్. "అడవిలో దిక్కులేని రాజకుమారుడికి భూదేవి ఆకుపచ్చ రవికతో కనిపించడం."

"భూదేవి కాదు మేష్టారూ. సోంఫిత్ పెద్దమ్మ. చేపల బజారు. ఆ రోజు ముందు వరసలో కూచుని స్క్విడ్ తింటోంది. వీడు చూసి పాడాడు."

"ఆ సంగతి చూసేవాళ్లకి తెలియక్కర్లేదు."

"ఆమె లేని చోట ఆ పాట ఎవరికి పాడాలి?"

"కళకి" అన్నాడు వొరవుత్.

ఈ కళ అనే ఆవిడ ఎక్కడ కూచుంటుందో, ఏం తింటుందో సమ్నియాంగ్‌కు ఇన్నేళ్లలో ఎప్పుడూ ఎదురుపడలేదు.

అక్కడితో అయిపోలేదు. ఆట గుడి ఆవరణలో కాదు, యూనివర్సిటీ హాల్లో. చూసేవాళ్లు చీకట్లో కూచుంటారు, వేదిక మీదే వెలుగు. మధ్యలో ఎవరూ లేచి రాకూడదు. పాట మెచ్చినవాళ్లు వచ్చి మెళ్లో వేసే నోట్ల దండలు అసలే కుదరవు. నిధి డబ్బిస్తుండగా ఇంకా జనం ముందు వంగి బిచ్చమెత్తడం ఎందుకన్నాడు.

బిచ్చం అన్న మాటకు సమ్నియాంగ్ చెయ్యి లేవబోయింది. దించుకుంది. విప్పితే వేదికయ్యే లారీ వాళ్లది. దాని ఇంజను చావుకు సిద్ధంగా ఉంది. నిధివాళ్ల ముగ్గురు పరీక్షకులు ఈ ఆట చూసి సరే అంటే కొత్త లారీ వస్తుంది. కాదంటే ఈ వర్షావాసం మూడు నెలల్లో, గుళ్లలో ఆటలుండని కాలంలో, పధ్నాలుగు మందీ తలో ఫ్యాక్టరీకీ పోతారు. మళ్లీ కలవరు. కాబట్టి సరే అంది.

దండ తేవద్దని సోంఫిత్ పెద్దమ్మకు చెప్పడానికి తనే చేపల బజారుకు వెళ్లింది. పెద్దమ్మ కత్తి ఆపలేదు.

"పదిహేనేళ్లు మీకు బియ్యం కొనిపెట్టింది నేను. ఇప్పుడు నా నోట్లు చేపల కంపు కొడుతున్నాయా?"

"ఈ ఒక్కసారికి పెద్దమ్మా."

"నేను రానులే. చీకట్లో కూచోడానికి నాకు ఇల్లుంది."

అన్నట్టే రాలేదు.

ఆట రోజు ఖచోన్ మెరుపుల చొక్కాతో వేదిక మీదికి వెళ్లినప్పుడు చప్పట్లు బాగానే వినిపించాయి. మొదటి పాటలు గట్టెక్కాయి. అడవి ఘట్టం వచ్చింది. ఖచోన్ అంచు దాకా నడిచి నిలబడిపోయాడు. డోలు ఒక ఆవృత్తం తిరిగింది, ఇంకోటి తిరిగింది, అతను నోరు తెరవలేదు. దీపాలకు చెయ్యి అడ్డం పెట్టుకుని హాల్లోకి చూశాడు. వాళ్ల విద్యే మనిషి మొహం చూసి పాట కట్టడం. ఎదురుగా నల్లగా బావిలా ఉంది.

"రెండో పేజీ. చెప్పండి అతనికి" అన్నాడు తెర పక్క నుంచి వొరవుత్.

సమ్నియాంగ్ మైకులో పాడమంది. ఖచోన్ తల తిప్పి, అందరికీ వినబడేలా అడిగాడు. "ఎవరికక్కా? ఎవరూ లేరు."

నాటకంలో భాగమనుకుని హాల్లో ఎవరో చిన్నగా నవ్వారు. వొరవుత్ మైకు లాక్కోబోయాడు. సమ్నియాంగ్ మోచేత్తో అతన్ని నెట్టేసి దీపాల మీటల పెట్టె దగ్గరికి పోయింది. ఏ మీట ఏదో తెలియదు. అన్నీ కిందికి కొట్టింది.

హాలంతా తెల్లగా వెలిగింది. కుర్రకారు కళ్లు నలుపుకున్నారు. నాలుగో వరస మధ్యలో పరీక్షకులు ముగ్గురు. ఒకామె రాసుకుంటోంది. ఒకాయన ఫోన్ చూసుకుంటున్నాడు. మధ్యలో పెద్దాయన నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.

ఖచోన్ మొహంలోకి ప్రాణం వచ్చింది. అడవి వదిలేశాడు, రాజ్యం వదిలేశాడు.

"నిద్దరోయే మంత్రిగారూ, మీ కలలో నేను ఇంతకన్నా బాగా పాడుతున్నానా? ఎవరూ లేపకండయ్యా, మేలుకుని చూస్తే నాకు మార్కులు తగ్గుతాయి."

హాలు విరగబడింది. పెద్దాయన ఉలిక్కిపడి చప్పట్లు కొట్టాడు, అప్పుడు ఇంకా నవ్వారు. ఆట చివరిదాకా ఎవరూ దీపాలు ఆర్పే ధైర్యం చేయలేదు.

తెర పడగానే వొరవుత్ వచ్చి, జిల్లాలో ఏ బృందానికీ ఇక పైసా రాకుండా చేశావని పళ్లు కొరుకుతూ చెప్పి పోయాడు. సమ్నియాంగ్ పెట్టెలు సర్దుతుండగా మళ్లీ వచ్చాడు. ఈసారి నవ్వుతున్నాడు. పరీక్షకులకు తెగ నచ్చిందట. బ్యాంకాక్‌లో మూడు రాత్రులు వేయాలట. దీపాలు వెలిగే ఘట్టం, ఆ పాట, ఏదీ మార్చకుండా.

"నిద్రపోయినాయన వస్తాడా?" అడిగింది సమ్నియాంగ్.

"ఆయన రారు. ఆ సీట్లో ఒక నటుణ్ణి కూచోబెట్టి నిద్రపోమంటాం. అతని జీతం కూడా నిధే చూసుకుంటుంది."

"నిద్రపోయేవాడికి జీతం. మెలకువగా కూచుని దండ తెచ్చేదానికి ప్రవేశం లేదు. మీ నిధిని మీరే పడుకోబెట్టుకోండి మేష్టారూ. మేం రాం."

"ఆగక్కా." ఖచోన్ కొబ్బరినూనెతో మొహం రంగు తుడుచుకుంటున్నాడు. "నేను పాడతా."

"పాడిందే పాడుతూ, రోజూనా?"

"రోజూనే. నీ రోషం ఎంతమందికి అన్నం పెడుతుంది?"

"అలా పాడితే నువ్వు తాడు కట్టిన బొమ్మవిరా."

"ఇప్పుడేమిటి మరి? నువ్వు తెర వెనక కూచుంటావు. దండ వేసేటప్పుడు సోంఫిత్ పెద్దమ్మ చెయ్యి ఎక్కడెక్కడికి పోతుందో నీకు తెలుసా? నవ్వు మొహంతో పాడాలి నేను. ఏనాడైనా అడిగావా?"

సమ్నియాంగ్‌కు తెలుసు. బృందంలో తెలియనివాళ్లు లేరు. అడగలేదు, ఎందుకంటే బియ్యం అక్కణ్ణుంచి వస్తోంది.

"నాన్న పేరుతో ఉన్న బృందాన్ని నేను పంపను" అంది.

"బృందం అక్కర్లేదు. విడిగా ఆడే కళాకారులకి కూడా డబ్బుందిట. నా ఒక్కడి పేరు మీద రాస్తారు."

ఎప్పుడు మాట్లాడుకున్నారని ఆమె వొరవుత్‌ను అడిగింది. అతను గోడ మీది ప్రకటన చదువుతున్నట్టు నిలబడ్డాడు. తిరనాళ్లలో ఫోన్ పట్టుకు తిరిగిన రోజే అన్నమాట. బృందం పేరు పంపింది తలుపు తీయించడానికి. కావలసింది ఒక్కడు. వీళ్ల సాయం ఇలాగే ఉంటుంది: పధ్నాలుగు మంది తినే పళ్లెంలోంచి ఒక్కణ్ణి ఏరి, వాడికి కళాకారుడని పేరు పెడతారు. మిగతా పదముగ్గురూ ఏమిటో ఎవడూ చెప్పడు.

వాద్యగాళ్లు డోళ్లు లారీలోకి ఎక్కించారు. 

"రేపు గుళ్లో ఆట ఉంది" అన్నాడు ఖచోన్ బయటికొచ్చి. "రాజకుమారుడు ఎవరు?"

"నేనే."

"నీ మోకాళ్లు పనిచెయ్యవు."

"నా మోకాళ్ల సంగతి నీకెందుకు? మేజోళ్లిటియ్యి, అవి బృందానివి."

తెల్ల మేజోళ్లు లేకుండా లికేలో నాయకుడు లేడు. ఖచోన్ హాలు మెట్టు మీద కూచుని ఒక్కోటీ ఊడదీసి ఇచ్చాడు. సమ్నియాంగ్ వాటిని దులిపి భుజాన వేసుకుని, లారీ తొయ్యమని వాద్యగాళ్లకు చెప్పింది. ఖచోన్ వట్టి కాళ్లతో వచ్చి తనూ భుజం పెట్టాడు. ఇంజను అందుకునేదాకా తోశాడు.

"ఎక్కుతావా?" అని ఆమె అడగలేదు. అతను ఎక్కలేదు.