పద్దెనిమిది మీటర్ల లోతున

“బండి నడపొచ్చా లేదా, ఇయాల తేలిపోతది” అంది నజియా వెనక సీట్లోంచి. పొద్దుట్నుంచి ఆ మాట అనడం అది నాలుగోసారి.

కారు ఆమె భర్త అతిఫ్‌ది. స్టీరింగ్ ముందున్నది మాత్రం అతని స్నేహితుడు ధీరజ్. మూడు వారాలుగా అతిఫ్ తన సొంత కారులోనే పక్క సీట్లో కూర్చుంటున్నాడు.

కరేబియన్ సముద్రంలో, బొనేర్ అనే చిన్న దీవి ఒడ్డున, నీళ్ళలోంచి స్పృహ లేకుండా బయటపడ్డాడు అతిఫ్. నీళ్ళలో ఏం జరిగిందో అతనికి గుర్తు లేదు; స్పృహ ఎందుకు తప్పిందో అక్కడి డాక్టర్లు చెప్పలేకపోయారు. కారణం తేలేదాకా స్టీరింగ్ ముట్టుకోవద్దని జర్మనీకి రాగానే ఇక్కడి డాక్టరు చెప్పేశాడు. అతిఫ్ ఉద్యోగమంతా రోడ్డు మీదే. ఏ ఫ్యాక్టరీలో ప్యాకింగ్ యంత్రం మొరాయిస్తే ఆ ఫ్యాక్టరీకి కారేసుకుని వెళ్ళి బాగుచేసి రావాలి. ప్రొబేషన్ ఇంకా రెండు నెలలుంది. కారు నడపలేని సర్వీస్ ఇంజనీరును ఏ కంపెనీ భరిస్తుంది? ఉద్యోగం పోతే వీసా గండం ఎలాగూ ఉంది.

వాళ్ళుండే జీగెన్‌లో న్యూరాలజిస్టు దగ్గర టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, దొరకడానికే మూడు వారాలు పట్టింది. ఆసుపత్రి పంపిన కాగితంలో ఒక వాక్యం కింద గీత గీశారు: జరిగినది కళ్ళారా చూసిన వ్యక్తిని వెంట తీసుకురండి.

చూసినవాడు ధీరజ్ ఒక్కడే.

“నీ పేరు మీద దువా చేయని రోజు లేదన్నా” అంది నజియా. “నువ్వు గుంజుకరాకుంటే నేనేమయ్యేదాన్ని?”

“చాల్తియ్యి. ఇంకొంచెం పొగిడితే వీన్ని చూడనీకి టికెట్ పెడతడు” అన్నాడు అతిఫ్. “ఇప్పటికే మన వాట్సాప్ గ్రూపుల వీని ఫొటోకి దండ ఒక్కటే తక్కువ.”

“ఫొటోకి దండేస్తే పోయినోళ్ళ లెక్క. మంచి మాట రాదా నీ నోట్ల?”

ఇద్దరూ నవ్వారు. ధీరజ్ కూడా నవ్వాడు. ఈ మూడు వారాల్లో సమయానికి నవ్వడం బాగా అలవాటైంది అతనికి.

బొనేర్‌కి వెళ్ళిన ఆ చవక యాత్ర పథకం ధీరజ్‌దే. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి తక్కువ ధర విమానం, ఒక పాత పికప్ ట్రక్కు, తినడానికి ఇంటి నుంచి పట్టుకెళ్ళిన పులిహోర పొడి. బొనేర్‌లో పడవ అక్కర్లేదు, గైడ్ అక్కర్లేదు. రోడ్డు పక్కన డైవింగ్ చోటుకి గుర్తుగా పసుపు రంగు రాయి కనబడ్డచోట ట్రక్కు ఆపి, గాలి సిలిండర్ వీపుకు తగిలించుకుని, నడుచుకుంటూ సముద్రంలోకి దిగిపోవచ్చు. అతిఫ్ అప్పటికే వంద డైవులు చేసినవాడు. ధీరజ్‌కి జీగెన్ ఈతకొలనులో ఓపిగ్గా నేర్పింది కూడా అతనే.

సిలిండర్లు అద్దెకిచ్చే కొట్లో ఒక ఫారం ఇచ్చారు. ఆస్తమా ఉందా? ఉందంటే డాక్టరు కాగితం చూపాలి. లేకపోతే సిలిండర్ లేదు.

ధీరజ్ ఆలోచించనైనా లేదు. లేదు అన్నచోట టిక్కు పెట్టాడు. కాకినాడలో వాళ్ళింట్లో ఆయాసం అనే మాట పైకి అనేవారు కాదు. అంటే సంబంధాలు రావని అమ్మ భయం. బడి ఫారంలో, కాలేజీ ఫారంలో, ఉద్యోగం ఫారంలో, చివరికి పెళ్ళిచూపుల్లో కూడా లేదు అనే. పెళ్ళయి నాలుగేళ్ళయినా అతని భార్య వైశాలికి తెలియదు. ఇన్హేలర్ ఎప్పుడూ స్నానాలగది తలుపు గడియ పడ్డాకే బయటికి వచ్చేది.

ఇప్పుడు కారులో, నజియాకి నమస్కారం పెట్టేసి ఎక్కడికైనా పారిపోవాలనిపించింది అతనికి. ఆసుపత్రి పార్కింగ్‌లోకి కారు తిప్పాడు.

డాక్టర్ హెల్విగ్‌కి అరవై ఏళ్ళుంటాయి. అతిఫ్‌ని పరీక్షించింది, స్కాన్ చూసింది, ఆ తర్వాత కుర్చీ ధీరజ్ వైపు తిప్పింది.

“మీరు చూసింది చెప్పండి. ఎంత లోతులో ఉన్నారు?”

“పద్దెనిమిది మీటర్లు.”

“మొదట ఏం జరిగింది?”

“అతని నోట్లోంచి గాలి గొట్టం జారిపోయింది. తర్వాత... కదల్లేదు. నేను పైకి తెచ్చాను.”

“తనంతట తనే జారిందా?”

“అవును.”

“కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయా?”

“గుర్తు లేదు.”

“చూపు ఒకేచోట నిలిచిపోయిందా?”

“అయ్యుండొచ్చు.”

ఆమె రాసుకుంటూ పోయింది. ప్రతి జవాబూ కాగితం మీద ఒక వరస అవుతోంది. చివరికి పెన్ను పెట్టి అతిఫ్ వైపు చూసింది. ఆ చూపులో జాలి ఉంది.

“సాక్షి చెప్పినదాన్ని బట్టి ఇది మూర్ఛ కావచ్చునని అనుకోవాల్సి వస్తుంది. మాత్రలు మొదలుపెడదాం. కనీసం ఆర్నెల్లు కారు నడపకూడదు. డైవింగ్ ఇక మరచిపోండి.”

అతిఫ్ రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని గోడ మీది మెదడు బొమ్మ వంక చూస్తున్నాడు. ఆర్నెల్లు అన్న మాట నజియాకి అర్థమైంది. జర్మన్ నేర్చుకోవడం మొదలుపెట్టి ఏడాదే అయినా అంకెలు బాగానే వచ్చు ఆమెకు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“మా వంశంలో ఎవరికీ లేదు మేడమ్” అన్నాడు అతిఫ్ మెల్లగా జర్మన్‌లో. “అంతకుముందెప్పుడూ నీళ్ళలో భయపడింది లేదు. నాకే అర్థం కావట్లేదు. గొట్టం వదలడమేంటి నేను?”

ధీరజ్ డాక్టర్ రాసిన కాగితం వంక చూశాడు. ఇంకొక్క నిమిషం ఊరుకుంటే ఈ గదిలోంచి అతిఫ్ రోగిగా బయటికి వెళ్తాడు. రోజూ రెండు పూటలా మాత్ర మింగుతాడు. లేని జబ్బుకి.

“జారలేదు” అన్నాడు ధీరజ్.

డాక్టర్ తల తిప్పింది.

“నేనే పీకాను.” జర్మన్‌లో చెప్పడం విచిత్రంగా తేలికైంది. ఎవరో మూడో మనిషి నేరం చదివి వినిపిస్తున్నట్టుంది. “నాకు ఆస్తమా ఉంది. దాచిపెట్టి దిగాను. లోపల ఊపిరి బిగుసుకుపోయింది. నా సిలిండర్ బాగానే ఉంది, కానీ గాలి రావట్లేదనిపించింది. అతని నోట్లోది లాక్కుని నా నోట్లో పెట్టుకున్నాను. మీద పడి వాటేసుకున్నాను.”

“అతని దగ్గర అత్యవసరానికి రెండో గొట్టం ఉంటుంది కదా?”

“ఉంది. మా ఇద్దరి మధ్య ఇరుక్కుపోయింది. దాన్ని లాక్కోవాలంటే నన్ను వదలాలి. నేను రాకెట్‌లా పైకి దూసుకుపోబోతున్నాను. అలా వెళ్తే ఊపిరితిత్తులు పగిలిపోతాయి. అతను వదల్లేదు. ఒక చేత్తో నా పట్టీ పట్టుకుని, ఇంకో చేత్తో నన్ను పైకి తేల్చే జాకెట్‌లోంచి గాలి తీసేస్తూ, మెల్లగా పైకి తెచ్చాడు. గాలి లేకుండా. చివర్లో, నీళ్ళు తెల్లగా కనబడేచోట, చెయ్యి వదులైంది.”

“స్పృహ తప్పింది అప్పుడా?”

“అప్పుడే. ఒడ్డుకి లాగింది మాత్రం నేను. అది అందరూ చూశారు.”

డాక్టర్ హెల్విగ్ ముందు రాసిన పేజీ మొత్తాన్ని అడ్డంగా కొట్టేసింది. “మెదడుకి ప్రాణవాయువు అందక తప్పిన స్పృహ ఇది. జబ్బు కాదు. మెదడు తరంగాలు చూసే ఇఇజి ఒకటి తీద్దాం, అది బాగుంటే నడపవచ్చని ఇవాళే రాసిస్తాను.” ధీరజ్ వైపు చూడకుండానే అంది, “ఈ మాట మూడు వారాల క్రితం చెప్పి ఉండాల్సింది.”

నజియా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. “ఏమన్నడు? నాకు సగమే అర్థమైంది. అన్నా, తెలుగుల చెప్పు.”

“నేను చెప్తా తియ్యి” అన్నాడు అతిఫ్.

“వద్దు. ఆయన్నే చెప్పనీ.”

తెలుగులో మొదలుపెట్టగానే నాలుక మొద్దుబారింది. ఆయాసం అన్న మాటను బయటివాళ్ళ ముందు అతను పలకడం అదే మొదటిసారి. “నాకు చిన్నప్పట్నుంచి ఆయాసమండీ... నజియా గారూ, అతిఫ్ నోట్లోది నేనే లాగేసుకున్నాను.” జర్మన్‌లో రెండు నిమిషాలు పట్టిన మాట తెలుగులో ఎంతసేపు సాగిందో అతనికి తెలియలేదు. కళ్ళు నేల మీంచి లేవలేదు.

“అంటే ఈయన నిన్ను పట్టుకున్నడా? నువ్వు ఈయన్నా?”

“ఈయనే నన్ను.”

“మరి అందరూ నిన్ను పొగుడుతుంటే...”

“ఊరుకున్నాను.”

“నేను రోజూ దువా చేస్తుంటే?”

అతను తల ఇంకా దించుకున్నాడు. నజియా తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది.

“ధీరజ్.” అతిఫ్ మొదటిసారి అతని వైపు తిరిగాడు. “నేను బెదరలేదా?”

“లేదు.”

“మూడు వారాలు రాత్రుళ్ళు నిద్ర లేదు నాకు. పిరికోన్నైతినని. నీళ్ళల్ల నిన్ను చంపబోతినేమోనని. నీకు సారీ కూడ చెప్పిన. గుర్తుందా? ఆసుపత్రి మంచం మీద.”

“గుర్తుంది.”

“నువ్వు పర్వాలేదన్నవ్.”

అతిఫ్ మళ్ళీ డాక్టర్ వైపు తిరిగిపోయాడు.

ఆమె కొత్త కాగితం తీసి సాక్షి వివరాలు నింపడం మొదలుపెట్టింది. పేరు అడిగింది, పుట్టిన తేదీ అడిగింది, చిరునామా అడిగింది. అన్నిటికీ జవాబు చెప్పాడు ధీరజ్.

“రోగికి మీరేమవుతారు? స్నేహితుడని రాయనా?”

నజియా కిటికీ బయటికి చూస్తోంది. అతిఫ్ చేతి గడియారం పట్టీ సర్దుకుంటున్నాడు. పెన్ను కాగితం మీద ఆగి ఉంది.

“తెలిసినవాణ్ణి” అన్నాడు ధీరజ్.

అతిఫ్ కాదనలేదు. డాక్టర్ అదే రాసుకుంది.