సుంకప్ప నంబరు మీద పదకొండు మంది

గుల్నాజ్ ప్లగిన్‌ని రెండుసార్లు వెనక్కి కొట్టాను. మూడోసారీ కొడితే ఆ పిల్ల ఖాతా మూసేస్తారు. ఇక మా మార్కెట్‌లో ఏదీ పెట్టుకునే వీలుండదు. అది కంపెనీ నియమం. నియమం దగ్గర నేను ఎంత మొండిదాన్నో మా ఇంట్లోవాళ్ళనే అడగండి.

మాది ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీ. దానికి తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు, అంటే ప్లగిన్లు, బయటివాళ్ళు రాసి మా ఆన్‌లైన్ మార్కెట్‌లో పెడతారు. వాటిని ఆదోనిలో మా మిద్దె మీది గదిలో కూర్చుని పరీక్షించి పాస్ చేసేది నేను, ప్రజ్ఞను. గుల్నాజ్‌ది ఎమ్మిగనూరు. చిన్న ఆసుపత్రుల్లో రోగులకు టోకెన్లు ఇచ్చే ప్లగిన్ రాసింది. బాగానే రాసింది గానీ, ఒకే ఫోన్ నంబరు మీద ఎంతమందికైనా టోకెన్లు ఇచ్చేస్తోంది. దొంగ బుకింగులు ఆపడానికి మా నియమం ఒకటుంది: ఒక నంబరుకు ఒకే రోగి.

మూడోసారి బుద్ధిగా దిద్ది పంపింది. అన్ని పరీక్షలూ నెగ్గింది. ‘శభాష్’ అని రాసి మరీ పాస్ చేశాను. అమ్మయ్య, ఒక పిల్లను నిలబెట్టానని ఆ పూట రెండు కాఫీలు తాగాను.

వారం తిరక్కుండానే ఆలూరులోని ఒక చిన్న ఆసుపత్రి నుంచి ఫిర్యాదు వచ్చింది. ఆ ప్లగిన్ పదకొండు మందికి ఒకటే టోకెన్ ఇస్తోందట. ఒళ్ళు మండింది. నేను పాస్ చేసినదానికే వంకా? ఆలూరు ఎంత దూరమని, పొద్దున్నే బస్సెక్కాను.

ఆసుపత్రి వరండాలో ముసలమ్మలు వరసగా కూర్చుని ఉన్నారు. కౌంటర్ దగ్గర కాంపౌండర్ దేవేంద్రప్పతో షేర్ ఆటో నడిపే సుంకప్ప వాదులాడుతున్నాడు.

“ఏమప్పా, మొన్నటిదాంకా అందరికీ చేత్తో టోకెన్లు రాసిస్తాంటివి. ఇప్పుడు నా నంబరుకు ఒగటే అంటే మిగిలిన పదిమందిని యాడికి తోలుకుపోవల్ల?”

“నేనేం సేద్దునన్నా, కంప్యూటర్ తీసుకోకుంటే!” అన్నాడు దేవేంద్రప్ప.

నేను మధ్యలో దూరాను. “అందరికీ మీ నంబరే ఎందుకిచ్చినారు? ఎవరి ఫోన్ వాళ్ళకి లేదా?”

సుంకప్ప నన్ను ఎగాదిగా చూశాడు. “ఫోన్లు ఇంట్లో కొడుకుల దగ్గరుంటాయమ్మా. ఈ అవ్వలకు మెసేజ్ సదవనీకి వస్తాదా? నాకొస్తే ఎవరి వంతో సెప్పి లోపలికి పంపిస్తా, మల్లా ఇండ్లకాడ దింపుతా. మా పక్క ఆటోలన్నీ అంతే. మీదే ఊరు?”

“ఆదోని,” అన్నాను. మా అవ్వ బతికున్నన్నాళ్ళూ ఆసుపత్రిలో ఆటో కృష్ణప్ప నంబరే ఇచ్చేది. ఇక్కడే పుట్టి ఇక్కడే పెరిగిన నాకు అది తట్టలేదంటే ఎంత సిగ్గుచేటు!

పక్కనున్న అవ్వ ఒకామె నా చెయ్యి పట్టుకుంది. జ్వరంతో ఆమె ఒళ్ళు కాలిపోతోంది. “నా పేరు సూడు తల్లీ,” అంది. దేవేంద్రప్పను బతిమాలి అందరికీ కాగితాల మీద టోకెన్లు రాయించాను.

తర్వాత మెట్ల మీద కూర్చుని ఫోన్ తెరిచాను. ప్లగిన్‌ని వెనక్కి తీసుకుంటే గుల్నాజ్‌కి అది మూడో తిరస్కారం అవుతుంది. తీసుకోకపోతే ఈ అవ్వలు రేపూ ఇట్లాగే కూర్చుంటారు. వెనక్కి తీసుకునే ఫారంలో ‘పరీక్షించినవారి తప్పు’ అని ఒక గడి ఉంది. మూడేళ్ళలో ఎప్పుడూ నొక్కలేదు. నొక్కితే తిరస్కారం ఆ పిల్ల లెక్కలో పడదు గానీ, కంపెనీలో నా మంచిపేరు పోతుంది. పోనీ, పోవాల్సిందే అని నొక్కాను. ‘ఈ నియమం మా ఊళ్ళకు పనికిరాదు’ అని కింద రాసి, గుల్నాజ్‌కి ఫోన్ చేశాను.

“నీ మొదటి ప్లగినే సరైనదమ్మా. దాన్నే మళ్ళీ పంపు.”

“మల్లా వెనక్కి కొడితే నా ఖాతా పోతాది మేడం.”

“పోదు. తప్పు నాదని రాసినాను. అయినా, ఇక్కడి సంగతి ముందే నాకు ఒక్క మాట చెప్పకూడదా?”

“సెప్పినాను మేడం,” అంది మెల్లగా. “రెండుసార్లూ రెండు పేజీలు రాసి జత చేసినాను. ఆటోలో కూసున్న అవ్వల ఫోటో కూడా పెట్టినాను. మీరు సదివే వద్దన్నారనుకొని మార్చేసినాను.”

సుంకప్ప ఆటో దగ్గర నుంచి ఎవరినో పేరు పెట్టి పిలుస్తున్నాడు.

“తెరవనే లేదమ్మా,” అన్నాను.