నడిమి పలక

ఆ హాలుకు అద్దాల కప్పు. మధ్యాహ్నం ఎండ అద్దాల్లోంచి నీళ్లలో పడి, నీళ్లలోంచి గోడల మీదికి ఎగబాకి, అక్కడ వలలా ఊగుతూ ఉండేది. కాసేపు అలాగే చూస్తే గోడలే ఊపిరి పీలుస్తున్నాయేమో అనిపించేది. కొలను అంచున స్టూలు వేసుకుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చునే పరిశోధకురాలికి ఆ వెలుగుతో ఏళ్ల సావాసం. ఇంటికెళ్లి కళ్లు మూసుకున్నా రెప్పల వెనక అదే ఊగేది.

నీళ్లలో ఉండేది దొరసాని. ఆడ డాల్ఫిను. పిలిస్తే వెంటనే రాదు. వచ్చినా మొహం పక్కకు తిప్పి ఒంటికన్నుతో ఎగాదిగా చూస్తుంది. అందుకే దానికి మేత పెట్టే ఆయన ఆ పేరు తగిలించాడు. ఆయన్నేమో అందరూ చేపలన్న అంటారు.

వాళ్లు చేసే పని చెప్పుకోవడానికి తేలికే. నీళ్లలో మూడు పలకలు వేలాడుతుంటాయి. యంత్రం ఒక కూత వినిపిస్తుంది. సన్నకూత అయితే దొరసాని కుడి పలకను మూతితో నొక్కాలి, బరువుకూత అయితే ఎడమ పలకను. సరిగ్గా నొక్కితే చేప. తప్పు నొక్కితే చాలాసేపు ఏమీ ఉండదు, ఊరికే తేలుతూ కాచుకోవాలి. పోనుపోను రెండు కూతల్నీ ఒకదానికొకటి దగ్గరికి జరుపుతారు. చివరికి ఏది ఏదో పోల్చుకోవడం గగనమైపోతుంది. అలాంటప్పటి కోసమే నడిమి పలక. దాన్ని నొక్కితే ‘నాకు తెలియదు’ అన్నట్టు. అందుకు చిన్న చేపముక్క, ఆ తర్వాత ఓ తేలికైన కూత.

దొరసాని నడిమి పలక నొక్కేది. కూతలు చిక్కుపడ్డప్పుడల్లా ఆగి, అటూ ఇటూ ఊగిసలాడి, వెళ్లి మెత్తగా మూతి ఆనించేది. తెలియదన్న సంగతి దానికి తెలుసు! ఒక జంతువు తన మనసులోకి తానే తొంగి చూసుకుంటోందని పరిశోధకురాలు వ్యాసం రాసింది. పేరున్న పత్రిక వేసుకుంటామంది. అది అచ్చయితే ఆమె ఉద్యోగం ఖాయమని విభాగం పెద్దాయన మాటిచ్చాడు. కాకపోతే వేసవితో సరి.

అచ్చుకు వెళ్లే ముందు ఆమెకు జలుబు పట్టుకుంది. మామూలు జలుబు కాదు, చెవులు రెండూ దిబ్బెళ్లు వేసేశాయి. ఇంట్లో ఉండబుద్ధి కాక వచ్చి కూర్చుంది. కొద్దిపాటి జ్వరంలో హాలంతా నీళ్ల అడుగున ఉన్నట్టుంది. కూతలు దిండు కింద నుంచి వచ్చినట్టు వచ్చి, చెవి దాకా రాకుండానే కరిగిపోతున్నాయి.

దొరసాని నడిమి పలక నొక్కింది. మళ్లీ నొక్కింది. ఇంకోసారీ అదే.

“ఇదేంటి మేడమ్, పసిపిల్లలు పోల్చే కూతలకి కూడా తెలీదంటోంది?” అన్నాడు చేపలన్న బకెట్టు ఊపుతూ. “ఇంతకీ జలుబు మీకా, దీనికా?”

ఆమె నవ్వబోయింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

ఏ కూత రాబోతోందో యంత్రానికే తప్ప ఆమెకు ముందు తెలియదు. కాబట్టి ఆమె సైగ చేసే ప్రసక్తే లేదని అందరూ నిశ్చింతగా ఉన్నారు. కానీ కూత బయటికి వెళ్లిందో లేదో సరిచూడ్డానికి ఆమె చెవులకు హెడ్‌ఫోన్లున్నాయి. దొరసానితో పాటు ఆమె కూడా వింటోంది. ఆమే తేల్చుకుంటోంది. తేల్చుకోలేకపోతే ఆమే తికమకపడుతోంది. ఎదురుగా ఆ ఒంటికన్ను.

పెద్దాయన గదికి వెళ్లి చెప్పింది. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ విన్నాడు.

“జలుబు రోజు లెక్కలోకి రాదమ్మా. కొట్టేసెయ్. ఆవిరి పట్టు, అంతా సర్దుకుంటుంది.”

“సర్దుకుంటుంది సార్. నా చెవులు తెరుచుకుంటే దొరసానికీ తెరుచుకుంటాయి. అదే నా భయం.”

“భయపడ్డానికి బోలెడు టైముంది. ముందు అచ్చు కానీ.”

చెవులు తెరుచుకున్న రోజు సాయంత్రం ఆమె భర్తను ఎదురుగా కూర్చోబెట్టుకుంది. అతను బేకరీలో రొట్టెలు చేస్తాడు. ఎంత కడుక్కున్నా కనుబొమల్లో పిండి తెల్లగా మిగిలే ఉంటుంది.

“నేను కూతలు వింటుంటాను. మీరు నన్నే చూస్తూ ఏం చేస్తున్నానో చెప్పండి.”

“ఇన్నేళ్లుగా నా పని అదేగా. ఇవాళ కొత్తగా చెప్తావేంటి?”

“వేళాకోళం చాలు. చూడండి.”

ఆమె హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. ఒక్కో కూతా వచ్చి పోయింది. అతను ఓవెన్‌లో రొట్టెను కనిపెట్టుకున్నట్టు ఆమెను కనిపెట్టుకుని కూర్చున్నాడు.

“సన్నదానికి నీ గడ్డం పైకి లేస్తోంది. రవ్వంత. బరువుదానికి భుజం దిగుతోంది.”

“మరి తెలియనప్పుడు?”

“కింది పెదవి లోపలికి లాక్కుంటావు. నన్ను చేసుకుంటావా అనడిగిన రోజూ అదే చేశావు. చచ్చాం రా దేవుడా అనుకున్నా.”

“ఒప్పుకున్నానుగా!”

“ఒప్పుకున్నావు. ఆ పెదవి వదలడానికే వారం పట్టింది.”

ఆమె హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకుంది. కిటికీ అవతల వీధి దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి.

“రేపు పరదా కడతాను,” అంది. “ఉద్యోగం పోతే మీ బేకరీలో పిండి పిసుకుతా.”

“వద్దు తల్లీ. రొట్టె పొంగిందో లేదో చూడ్డం మానేసి నీ పెదవి చూస్తూ కూర్చోవాలి.”

మర్నాడు ఆమె, చేపలన్న కలిసి కొలను అంచున తాడు కట్టి నీలం టార్పాలిన్ వేలాడదీశారు. ఆమె దాని వెనక కూర్చుంది. కంప్యూటర్ తెర మీద దొరసాని ఏ పలక నొక్కిందో చుక్కగా కనిపిస్తుంది. నీలం గుడ్డలోంచి వచ్చిన వెలుగు ఆమె చేతుల మీద, ఒళ్లో, నేల మీద పరుచుకుంది. తానే ఎక్కడో లోతున, అలల చప్పుడు చేరని చోట కూర్చున్నట్టనిపించింది.

తేలికైన కూతలకు దొరసాని ఒక్కటి కూడా తప్పలేదు. ఆ కూతలు దానివే, దాని చెవులవే. ఆమెకు సంతోషమేసింది. తర్వాత కూతలు దగ్గరయ్యాయి. దొరసాని కుడికో ఎడమకో గుడ్డిగా వెళ్లింది. తప్పు పడింది. కాచుకుంది. మళ్లీ గుడ్డిగా వెళ్లింది. తప్పుల మీద తప్పులు పడ్డాయి కానీ నడిమి పలక వైపు కన్నెత్తి చూడలేదు. వ్యాసంలో ఆమె రాసిన ఒక్కో వాక్యమూ ఉప్పుగల్లులా నీళ్లలో కరిగిపోవడం ఆమెకు తెలుస్తూనే ఉంది. అయినా మధ్యలో ఆపలేదు. ఆఖరి కూత దాకా కానిచ్చి యంత్రం కట్టేసింది.

టార్పాలిన్ చివర నీళ్లు గలగలమన్నాయి. బూడిదరంగు తల ఒకటి పరదా పక్కనుంచి మెల్లగా లేచింది. ఒంటికన్ను. ఆ కంట్లో అద్దాల కప్పు, ఆకాశం, వీటి మధ్య చిన్నగా తన మొహం. సర్దుకోవడానికి వ్యవధి లేదు. పెదవి అప్పటికే పళ్ల కింద ఉంది. దొరసాని చూసింది, తీరిగ్గా చూసింది. చూసి నీళ్లలోకి జారిపోయింది.

తెర మీద చుక్క పడింది. నడిమి పలక.

“మేడమ్!” పరదా అవతల నుంచి చేపలన్న గావుకేక పెట్టాడు. “కూతే లేదు కదా, ఇదెందుకు నొక్కినట్టు?”

కబురు విని పెద్దాయన వచ్చాడు. ఆమె జరిగింది జరిగినట్టు చెప్పేసింది. వ్యాసం వెనక్కి తీసుకుంటున్నానని పత్రిక వాళ్లకు ఇవాళే రాస్తానంది. ఆయన తెర మీద చుక్కల్ని కిందినుంచి పైకి, పైనుంచి కిందికి చూశాడు.

“కూత లేకుండా నొక్కిందా?”

“నొక్కింది సార్.”

“అంటే ఏమిటి? ‘నీకు తెలియదు’ అంటోందా? చేపముక్క అడుగుతోందా?”

“చెప్పలేను సార్. ఇన్నాళ్లూ దాని మనసు చూస్తున్నాననుకున్నాను. అది నా మొహం చదువుతోంది. ఎంత చదువుతుందో, చదివి ఏమనుకుంటుందో కనుక్కోవాలి.”

“నీ ఉద్యోగం వేసవి దాకానే నిలపగలను. ఆపైన నా చేతుల్లో లేదు. తెలుసుగా?”

“తెలుసు సార్. వేసవి దాకా ఉంది కదా. ముందు ఈ పరదా దించేద్దాం.”

చేపలన్న తాడు ముడి దగ్గర చతికిలబడి, తాను వేసిన ముడిని తానే తిట్టుకుంటున్నాడు. పెద్దాయన కాసేపు నిలబడి, బూట్లు విప్పి గోడవార పెట్టి, తడి అంచు మీద ఆచితూచి అడుగులేస్తూ రెండో కొస విప్పడానికి వెళ్లాడు. ఒంటికన్ను ఒకటి ఆయన వెంటే నీళ్లలో కదులుతూ పోయింది.